అటక మీద బాత్రూమ్: టైల్స్ కంటే ముందు చూడాల్సినవి

 

ఈ ఎపిసోడ్ టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, కింద చోటు లేదు. పైన అటక ఖాళీగా ఉంది. దాన్ని బాత్రూమ్ చేసుకోవచ్చా? డిజైన్ ఐడియాలు చెప్పు." సరే, చెప్తాను. కానీ టైల్స్ రంగు దగ్గర మొదలుపెట్టను. బరువు, నీళ్లు, మనిషి. ముందు ఈ మూడూ చూద్దాం. వీటికి జవాబు దొరికితే మిగతా డిజైన్ సగం దానంతట అదే వచ్చేస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ బీటెక్, సివిల్ కాదు. ఇందులో నేను వేసే లెక్కలు మీరు కూడా ఫోన్ కాలిక్యులేటర్‌లో వేసుకోగలిగినవే. దూలం మోస్తుందా, స్లాబ్ మోస్తుందా అనే చివరి మాట మాత్రం ఇల్లు కళ్లారా చూసిన సివిల్ ఇంజనీర్‌దే.

ఇప్పుడు విషయంలోకి వద్దాం. అసలు అటక అంటే ఏ అటక? మనం యూట్యూబ్‌లో చూసేవి ఎక్కువగా ఇంగ్లండ్ వీడియోలు. లాఫ్ట్ కన్వర్షన్ అంటారు. లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు కూడా చేయించుకుంటారు. అక్కడి ఇళ్లకు పెంకులతో వాలు కప్పు ఉంటుంది. ఆ కప్పుకీ కింది గది సీలింగ్‌కీ మధ్య త్రికోణంలా ఖాళీ మిగులుతుంది, దాన్ని గదిగా మారుస్తారు. వరుస ఇళ్లకైతే 40 ఘనపు మీటర్లు, విడి ఇళ్లకైతే 50 ఘనపు మీటర్ల దాకా, కొన్ని షరతులతో, ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. కానీ బిల్డింగ్ రెగ్యులేషన్స్ అనుమతి మాత్రం తప్పదు. ఎందుకంటే అక్కడున్న పాత కర్రలు సీలింగ్‌ని మోయడానికి వేసినవి, మనుషుల్ని మోయడానికి కాదు. అందుకే చాలా ఇళ్లల్లో ముందు బలమైన కొత్త కర్రలు వేసి, ఆ తర్వాతే బాత్రూమ్ సంగతి చూస్తారు. రెండు నిమిషాల వీడియోలో ఈ పని పది సెకన్లు కూడా కనపడదు. అద్దం, లైట్లు, తెల్ల టబ్బు మాత్రం బాగా కనపడతాయి.

రెండో రకం మన సిమెంటు ఇళ్లల్లో ఉండే అటక. వంటింట్లోనో పడకగదిలోనో తలకు పైన స్లాబో, కడప బండో వేసి ఉంటుంది. పాత ఇత్తడి బిందెలు, పెళ్లి పందిట్లో మిగిలిన గిన్నెలు అన్నీ దాని మీదే. దీన్ని బాత్రూమ్ చేయొచ్చా అని అడిగితే, చేయలేం. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం అటక ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు. బాత్రూమ్‌కి నేల నుంచి కప్పు దాకా కనీసం 2.1 మీటర్లు, అంటే దాదాపు 7 అడుగులు ఉండాలి. రెండూ కలవవు. తమాషా ఏంటంటే, మన ఫ్లాట్లలో చాలాచోట్ల బాత్రూమ్ మీదే అటక ఉంటుంది. అటక మీద బాత్రూమ్ మాత్రం కుదరదు.

మూడో రకమే మా వైపుది. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, తుగ్గలి పల్లెల్లో చూసే మిద్దె ఇళ్లు. రాతి గోడలు. రాళ్ల మధ్య చాలా ఇళ్లల్లో సిమెంటు ఉండదు, మట్టి అడుసే. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చెక్కలో బండలో పరిచి, పైన మట్టి. అన్నిటికన్నా పైన చౌడు మట్టి. చౌడే ఎందుకంటే, అందులో ఉండే సోడియం ఉప్పుల వల్ల తడి తగలగానే ఆ మట్టి మెత్తగా విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి, నీళ్లు కిందికి దిగవు. మన పెద్దోళ్లు ఏ కంపెనీ కెమికల్ లేకుండా చేసిన వాటర్ ప్రూఫింగ్ అది. అలాంటి మిద్దె మీద తర్వాతెప్పుడో రేకులతో ఒక గది వేసుకుంటారు. మూటలు, ఎండుకట్టెలు, పాత మంచాలు పెట్టుకుంటారు. మా పెద్దమ్మ వాళ్లు దాన్నే అటక అంటారు.

వాళ్ల ఇల్లు జొన్నగిరిలో. ఊరి పేరు మీరు వినే ఉంటారు. తొలకరి వాన పడితే వజ్రాల కోసం జనం చేలల్లో దిగుతారే, ఆ ఊరే. పక్కనే ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. మొన్న వేసవిలో వెళ్లినప్పుడు పెద్దమ్మ అడిగింది: "ఒరేయ్, మిద్దె మీద గది ఊరికే పడి ఉండాది కదా, దాంట్లో బచ్చలి కట్టుకుంటే ఏమిరా?" బచ్చలి అంటే ఆకుకూర అనుకునేరు. మా వైపు స్నానాలగదిని అలా అంటారు.

అడగడానికి కారణం ఉంది. వాళ్ల స్నానాలగది పెరటి చివర ఉంది. నాలుగు బండలు నిలబెట్టి, పైన కప్పు లేకుండా, తలుపుకి బదులు గోనెపట్టా. దాని పక్కనే మరుగుదొడ్డి, గుంతల మీద కట్టింది. వానొస్తే బురద, రాత్రయితే తేళ్ల భయం. మా వదినకి అప్పుడు ఆరో నెల. కాన్పు వానాకాలంలో. అవ్వకి మోకాళ్లు ఎప్పుడో పోయాయి. అన్న అయితే పది రోజుల్లో అయిపోవాలన్నాడు. గది ఉంది, రేకులున్నాయి, రెండు గోడలు కట్టి కమోడ్ పెట్టి పైపు దించేస్తే అయిపోయే కదా అని.

నేను ఊరికే వదినని అడిగా, నీకు ఎట్లాంటి బాత్రూమ్ కావాలి వదినా అని. ఫోన్లో రెండు మూడు మోడల్స్ కూడా చూపించా. ఆమె ఫోన్ పక్కన పెట్టి, "నాకు టైల్స్ గీల్స్ ఏమీ వద్దు. లోపల గొళ్లెం పడే తలుపు ఉంటే చాలు" అంది.

సాఫ్ట్‌వేర్‌లో మేము కోడ్ రాయకముందు రిక్వైర్‌మెంట్ రాసుకుంటాం. వాడేది ఎవరు, వాళ్లకి కావాల్సింది ఏంటి అని. ఆ ఒక్క మాటతో మాకు రిక్వైర్‌మెంట్ దొరికింది. గొళ్లెం, కప్పు, జారని నేల, రాత్రి భయం లేకుండా చేరుకునే దూరం. ఇందులో "పైన ఉండాలి" అనేది ఎక్కడా లేదు. అది ఖాళీగా ఉన్న గదిని చూసి మనకొచ్చిన ఆలోచన.

అయినా సరే, పైన కుదురుతుందా అని లెక్క వేశాం. ఈ లెక్క మీకూ పనికొస్తుంది, కొంచెం జాగ్రత్తగా వినండి.

5 అడుగులు, 7 అడుగుల బాత్రూమ్ అనుకుందాం. 35 చదరపు అడుగులు, అంటే సుమారు 3.25 చదరపు మీటర్లు. కమోడ్, స్నానం రెండూ కలిపి ఉండే గదికి నియమావళి అడిగేది కనీసం 2.8 చదరపు మీటర్లు, కాబట్టి సైజు ఓకే. మామూలుగా మేస్త్రీలు చేసే పద్ధతి ఏంటి? స్లాబ్‌ని అడుగు కిందికి దించి, అందులో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపుతారు. మిద్దె మీదైతే కిందికి దించలేం కాబట్టి నేలనే అడుగు పైకి లేపుతారు. 35 చదరపు అడుగులు, అడుగు ఎత్తు అంటే దాదాపు ఒక ఘనపు మీటరు. ఇటుక ముక్కలు, మట్టి కలిపి ఒకటిన్నర టన్నుకి పైనే.

గోడలు చూద్దాం. రెండు వైపులా కొత్త గోడ కట్టాలి. 5 ప్లస్ 7, 12 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ అయితే ప్లాస్టరింగ్ లెక్కేయకుండానే 1,700 కిలోల దాకా వస్తుంది. టైల్స్, వాటి కింద సిమెంటు మాలు ఇంకో 300 కిలోలు. మనిషి, బకెట్లు, డ్రమ్ము, కమోడ్ కలిపి ఇంకో 300. మొత్తం మూడున్నర టన్నులు దాటిపోయింది.

అన్న దగ్గర దీనికి జవాబు రెడీగా ఉంది. "మా నాయన కాలంలో ఈ మిద్దె మీద ఇరవై మూటల శెనక్కాయలు పెట్టేటోళ్లం. ఇరవై మూటలు మోసిన మిద్దె ఒక బాత్రూమ్‌ని మోయదా?" మంచి ప్రశ్న. మూట 40 కిలోలు వేసుకుంటే 20 మూటలు 800 కిలోలు. మనం పెట్టబోయేది 90 మూటల బరువు. పైగా ఆ మూటలు రెండు నెలలుండి మార్కెట్‌కి పోతాయి. బాత్రూమ్ ఎక్కడికీ పోదు. ఇంకోటి, మూటలు పొడిగా ఉంటాయి.

అసలు విషయం ఆ చివరి మాటలోనే ఉంది. మట్టి మిద్దె ఇప్పటికే చాలా బరువు మోస్తోంది. అడుగు మందం మట్టి ఉంటే ఒక్కో చదరపు మీటరు మీద సుమారు అర టన్ను. ఏడేడూ కారినచోటల్లా ఇంకో గంప మట్టి పోస్తూ వస్తారు కాబట్టి అది పెరుగుతూ పోతుంది. నీళ్లు దిగితే ఆ మట్టి ఇంకా బరువెక్కుతుంది. అదే నీళ్లు గోడలోకి దిగితే రాళ్ల మధ్య మట్టి అడుసు మెత్తబడుతుంది. అదే నీళ్లు దూలం చివర, గోడలో దాగి ఉన్న ముక్కని కుళ్లబెడతాయి. అంటే ఒకే లీకేజీ పైన బరువు పెంచుతుంది, కింద బలం తగ్గిస్తుంది. వానాకాలంలో మట్టిమిద్దె కూలి కుటుంబం చనిపోయిందని మన జిల్లా పేజీల్లో వార్తలు చూస్తూనే ఉంటాం. ఎక్కువగా రాత్రిపూట, అందరూ నిద్రలో ఉండగా. వాన ఏడాదిలో కొన్ని రోజులే. బాత్రూమ్ లీకేజీ 365 రోజులూ వాన లాంటిది. పైగా టైల్స్ కింద కారుతుంది కాబట్టి కనపడదు.

మా బేల్దారి ఈ లెక్కలేమీ వినలేదు. నిచ్చెన వేసుకుని, ఒక ఇనుప చువ్వ తీసుకుని, దూలం గోడలోకి దిగేచోట పొడిచాడు. చువ్వ అంగుళంన్నర లోపలికి పోయింది. చెదలు. అన్న ఇంకేం మాట్లాడలేదు.

మీ ఇంట్లో కూడా ఈ టెస్ట్ చేసుకోవచ్చు. దూలం మధ్యలో కాదు, చివరల్లో చూడండి. చువ్వతో మెల్లగా పొడవండి, రాయితో కొట్టి చప్పుడు వినండి. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చిన కర్ర డొల్లగా మోగుతుంది. ఇంకో టెస్ట్ తొలకరి రోజు. ఊరంతా వజ్రాల కోసం కిందికి చూస్తుంటే, మీరు ఇంట్లో కూర్చుని పైకి చూడండి. ఎక్కడ చెమ్మ కనపడితే అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టి ఫోటో తీసుకోండి. వారం తర్వాత మళ్లీ చూడండి, మచ్చ గీత దాటిందో లేదో తెలుస్తుంది.

మరి పైన బాత్రూమ్ ఎవరూ కట్టుకోకూడదా? కట్టుకోవచ్చు. కొంతమందికి వేరే దారి కూడా లేదు. ఎమ్మిగనూరు చూడండి. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఉన్న ఊరు. గుంట మగ్గం ఉన్న ఇంట్లో ముందు గదంతా మగ్గానిదే. పెరడు లేని ఇల్లయితే పైకి పోవడం తప్ప చోటు లేదు. వాళ్లకి లీకేజీ అంటే గోడ మీద మచ్చ ఒక్కటే కాదు, పడుగు మీద చుక్క పడితే చీరే పాడవుతుంది. కాబట్టి పైన కట్టేవాళ్ల కోసం ఇప్పుడు అసలు డిజైన్ ఐడియాలు. కింద పిల్లర్లతోనో, గట్టి సిమెంటు గోడలతోనో కట్టిన ఆర్‌సీసీ స్లాబ్ ఉండి, ఇంజనీర్ సరేనన్న ఇళ్లకే ఇవి. మట్టి మిద్దెకి కాదు.

మొదటిది, చోటు. గది మధ్యలో వద్దు. కింద రెండు గోడలు కలిసే మూలకి సరిగ్గా పైన పెట్టండి. కింద ఇప్పటికే బాత్రూమ్ ఉంటే దాని మీదే పెట్టండి. బరువు నేరుగా గోడలకి దిగుతుంది, పైపు కూడా నేరుగా దిగుతుంది.

రెండోది, బరువు తగ్గించడం. ఇటుకకి బదులు ఏఏసీ బ్లాకులు వాడండి, ఆ బూడిద రంగు తేలిక బ్లాకులు. ఇందాకటి 1,700 కిలోల గోడ నాలుగు అంగుళాల బ్లాకుతో 500 కిలోల లోపుకి వస్తుంది. నేల పెంచడానికి కూడా ఇటుక ముక్కలు వద్దు, అవే బ్లాకులు పరచండి. పైపుని నేలలోంచి కాకుండా గోడలోంచి బయటికి తీసే కమోడ్ కొనండి. షాపులో పీ ట్రాప్ అని అడిగితే ఇస్తారు. దాంతో అడుగు ఎత్తు నింపాల్సిన పని సగానికి తగ్గుతుంది. ఇవన్నీ చేస్తే మూడున్నర టన్నులు ఒకటిన్నర టన్ను దగ్గరికి వస్తాయి.

మూడోది, వాలు. కమోడ్ పైపు 110 మిల్లీమీటర్లది, అడ్డంగా పోయేచోట 10 అడుగులకి సుమారు 3 అంగుళాల వాలు ఇవ్వండి. నేల కూడా తలుపు వైపు కాదు, జాలీ వైపు వాలాలి. 5 అడుగుల నేలకి అర నుంచి ముప్పావు అంగుళం చాలు. జాలీ కింద ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలవాలి, వాసన పైకి రాకుండా ఆపేది అదే. పైపుని కప్పు పైదాకా లేపి మూత లాంటి కౌల్ పెట్టించండి. అది లేకపోతే పైన ఫ్లష్ చేసినప్పుడల్లా కింద గుడగుడమని చప్పుడొచ్చి ట్రాప్‌లో నీళ్లు లాగేస్తుంది. పైపులన్నీ గోడ బయట క్లాంపులతో, కంటికి కనపడేలా ఉండాలి. అందం తగ్గుతుంది, కానీ కారితే ఆ రోజే తెలుస్తుంది.

నాలుగోది, గుంతలు. కమోడ్ నీళ్లు, స్నానం నీళ్లు ఒకే పైపులో కలపకండి. 2014 అక్టోబర్ 2న మొదలైన స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల ప్రోత్సాహకంతో చాలా ఇళ్లల్లో మరుగుదొడ్లు కట్టారు. అందులో రెండు గుంతల పద్ధతి ఉంది. ఒకటి నిండితే రెండోదానికి మార్చి, మొదటిదాన్ని ఏడాదికి పైగా వదిలేస్తే లోపలిది ఎరువవుతుంది. స్నానం నీళ్లు కూడా అందులోకే వదిలితే గుంత ఎప్పుడూ తడిగా ఉండి ఆ పని జరగదు. స్నానం నీళ్లని పెరట్లో అరటి చెట్టుకి పంపండి. నీళ్లు కరువైన మా ఊళ్లల్లో అది ఇంకా మంచిది.

ఐదోది, షవర్. ఇది చాలామందికి తెలీని పాయింట్. నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక బార్ ప్రెషర్. బాత్రూమ్ పైఅంతస్తులో, ట్యాంకు కూడా దాని కప్పు మీదే ఉంటే షవర్‌కి, ట్యాంకుకి మధ్య మీటరు కూడా ఉండదు. ప్రెషర్ 0.1 బార్. నీళ్లు ధారగా కాదు, బొట్లుగా వస్తాయి. ట్యాంకు ఇంకా పైకి లేపాలంటే 500 లీటర్ల ట్యాంకు అర టన్ను, మళ్లీ బరువు. అందుకే నా సలహా బకెట్, మగ్గు. మా బోరు నీళ్ల ఉప్పుకి షవర్ రంధ్రాలు ఎలాగూ తెల్లగా పూడుకుపోతాయి.

ఆరోది, తలకు తగలని డిజైన్. రేకుల గదికి ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం ఉంటుంది. ఎత్తున్నవైపు నిలబడి స్నానం చేసే చోటు, పల్లం వైపు కూర్చునే కమోడ్. అయితే కమోడ్ మీంచి లేచినప్పుడు తల తగలకూడదు, కొనకముందే కుర్చీ వేసుకుని లేచి చూడండి. వెలుతురుకి మన పాత మిద్దెల గవాచి ఐడియానే వాడండి. ఒక రేకుకి బదులు వెలుతురు పడే పాలీకార్బనేట్ రేకు వేస్తే పగలంతా లైట్ అక్కర్లేదు. మిగతా రేకుల కింద నాలుగు అంగుళాల ఖాళీ వదిలి సీలింగ్ షీట్ కొట్టండి. లేకపోతే మే నెలలో మధ్యాహ్నం అందులో నిలబడలేరు.

ఏడోది, గాలి. ఇక్కడ మాత్రం సీరియస్‌గా వినండి. కిటికీ కనీసం 0.37 చదరపు మీటర్లు, అంటే రెండడుగులు ఇంటూ రెండడుగులు ఉండాలి. గ్యాస్ గీజర్‌ని ఎట్టి పరిస్థితుల్లో బాత్రూమ్ లోపల పెట్టకండి. మూసిన చిన్న గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, మనిషి స్పృహ తప్పాక గానీ తెలీదు. కరెంటు గీజర్ అయితే ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, స్విచ్ బయట. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరిచే తలుపుకి వాళ్లే అడ్డం పడతారు.

ఎనిమిదోది, టెస్టింగ్. టైల్స్ వేయకముందు వాటర్ ప్రూఫింగ్ రెండు కోట్లు, నేల మొత్తం, గోడ మీదికి అడుగు దాకా, స్నానం చేసే వైపు ఇంకా పైకి. ఆరాక జాలీ మూసేసి రెండు అంగుళాల నీళ్లు నింపి కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు వదిలేయండి. కింది గదిలోకి వెళ్లి చూడండి. చెమ్మ లేకపోతేనే టైల్స్. మేస్త్రి "ఎందుకు సార్ టైమ్ వేస్ట్" అంటాడు. టెస్టింగ్ లేకుండా రిలీజ్ చేస్తే ఏమవుతుందో మా ఫీల్డ్ వాళ్లకి బాగా తెలుసు.

చివరిది, మెట్లు. మా పల్లెల్లో గోడలోంచి పొడుచుకొచ్చిన బండలే మెట్లు. పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తడి కాళ్లతో, రాత్రిపూట, చేతిలో చెంబుతో దాని మీద నడిచేది ఎవరు అనేది ఒకసారి కళ్లు మూసుకుని ఊహించుకోండి. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదు, పాదం పెట్టే చోటు 25 సెంటీమీటర్లకి తగ్గకూడదు. పక్కన కమ్మి, పైన లైటు. ఇవి లేకుండా పైన ఎంత మంచి బాత్రూమ్ కట్టినా అది సగం ఇంటివాళ్లకే.

జొన్నగిరిలో తేల్చింది కూడా ఈ మెట్లే. మిద్దె మోసినా సరే, ఎనిమిదో నెలలో వదిన రాత్రికి మూడుసార్లు ఆ బండలు ఎక్కాలా? అవ్వ ఎక్కనే లేదు. అందుకని వసారా చివర, మెట్ల పక్కన 4 అడుగులు ఇంటూ 7 అడుగుల చోటు తీసుకున్నారు. నేల మీదే. బరువు సమస్య లేదు, ప్రెషర్ సమస్య లేదు. నియమావళి అడిగే వెడల్పుకి, అంటే 1.2 మీటర్లకి సరిగ్గా సరిపోయింది. పాత రాతి గోడకి ఆనించకుండా అరడుగు వదిలి, తన గోడ తనే కట్టుకుంది ఆ గది. నేలకి నున్నటి టైల్స్ కాదు, గరుకు నాపరాయి. అవ్వ కోసం గోడకి ఒక స్టీలు కమ్మి. పైపు పెరట్లో పాత గుంతలకే. పని పది రోజుల్లో కాలేదు, నాలుగు వారాలు పట్టింది, కానీ వానలకి ముందే అయిపోయింది. తలుపుకి లోపల గొళ్లెం పెట్టారు. పైన ఒకటి, కింద ఒకటి. రెండోది అవ్వ చేతికి అందేలా.

మిద్దె మీద గది అటకగానే ఉంది. అందులో బరువైన సామానంతా దించేశారు. పుచ్చిన దూలం కింద ప్రస్తుతానికి ఇనుప పోటు నిలబెట్టారు, పంట డబ్బులొచ్చాక మారుస్తారు. బాత్రూమ్ గురించి అడగకపోయుంటే ఆ చెదలు సంగతి ఎవరూ చూసేవాళ్లు కాదు.

కాబట్టి ఫ్రెండ్స్, మీ ఇంట్లో ఈ ఆలోచన ఉంటే టైల్స్ షాపుకి వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకోండి. రాత్రిపూట దీన్ని వాడేది ఎవరు? ఆ బరువు ఏ గోడ మీదికి దిగుతుంది? వాడిన నీళ్లు ఏ దారిన, ఎక్కడికి పోతాయి? కారితే ఎవరికి, ఎన్నాళ్లకి తెలుస్తుంది? నాలుగింటికీ జవాబు ఉంటే పైన హాయిగా కట్టుకోండి. ఒక్కదానికి లేకపోయినా, కింద నాలుగడుగుల చోటు ఎక్కడ దొరుకుతుందో ఇంకోసారి వెతకండి. చాలా ఇళ్లల్లో దొరుకుతుంది. మెట్ల కింద, వసారా చివర, ఎవరూ వాడని గాటిపాడులో.

ఇల్లు కట్టే పనిలో, మార్చే పనిలో ఉన్నవాళ్లు మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఉంటే, ముఖ్యంగా మట్టి మిద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఉంటే, వానలకి ముందే వాళ్లకి ఇది పంపండి. దూలం చివర ఒకసారి చువ్వతో పొడిచి చూడమని చెప్పండి. ఐదు నిమిషాల పని.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.